బాగ్దాద్ కాగితాల వీధి

బడి గేటుకెదురుగా ఉన్న జిరాక్స్ షాపాయన చేతిమీదుగా పదహారేళ్లలో ఎన్ని లక్షల కాగితాలు పోయాయో గానీ, వాటిలో ఆయన చదివినవి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చదివితే చెయ్యి ఆగుతుందనేవాడు. పరీక్ష పేపర్లు సైతం బడివాళ్లు ఆయనకే ఇచ్చేవారు. కన్నెత్తి చూడడని వాళ్ల నమ్మకం.

తొమ్మిదో తరగతి చదివే కూతురు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. తొలినాటి ఇస్లామిక్ నాగరికత మీద వ్యాసం రాయమన్నారని మూడు వారాలు ఇల్లు పీకి పందిరేసింది. ఆసుపత్రులు, గణితం, కాలువలు, అనువాదాలు అంటూ బీరువా తలుపు నిండా చీటీలు అతికించింది. తర్వాత రోజుకొకటి పీకేసింది.

"అన్నీ రాస్తే ఏదీ రాసినట్టుండదు నాన్నా. ఒక్క వీధి గురించే రాస్తా. బాగ్దాద్‌లో కాగితాలు, పుస్తకాలు అమ్మే వీధి."

"వీధికి మార్కులేస్తారుటే?" అని నవ్వాడాయన.

నాలుగు పేజీలు పూర్తయ్యాక, ఎక్కడైనా పోతుందేమోనని ఒక కాపీ తీసిపెట్టమంది. తీశాడు. ఆ సాయంత్రమే ఒకావిడ ఆదరాబాదరాగా వచ్చి, మావాడు ఎల్లుండి ఇవ్వాలట, ఏదైనా వ్యాసముందా అని బతిమాలింది. మా అమ్మాయిది ఉందని చెప్పుకోవాలన్న ఉబలాటం ఆయన్ని నిలవనివ్వలేదు. ఒకరికిచ్చాక రెండోవారికి లేదనలేకపోయాడు. అలా ఆరుగురికిచ్చాడు.

వారం తిరక్కుండా టీచర్ నుంచి కబురొచ్చింది. ఆమె బల్లమీద ఏడు వ్యాసాలున్నాయి. కూతురు కళ్లు ఎర్రగా వాచిపోయి, గోడకానుకుని నిలబడి ఉంది.

"ఏడూ ఒకటే. అందరికంటే ఆఖర్న ఇచ్చింది మీ అమ్మాయే. షాపుకెవరో జిరాక్సుకి తెస్తే చూసి దించేసింది. ఏమంటారు?" అంది టీచర్.

పంచింది తానేనని చెబితే బడి పని పోతుంది, కూతురి ముందు పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల దొంగవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిరికితనం గెలిచింది, తల వంచుకున్నాడు.

"ఇది నువ్వే రాశావా?" అంటూ టీచర్ చివరి పేజీ తీసి పైకి చదివింది. "మంచి లేఖకుడు తీసిన నకలును పుస్తకం రాసినాయన ముందు చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే అమ్మేవాడు. మా నాన్నది కూడా నకళ్లు తీసే పనే. ఆయన కూడా అంత నిజాయితీపరుడు."

టీచర్ చదవడం ఆపి, గబగబా మిగతా ఆరూ తిప్పింది. డాక్టరుగారబ్బాయి నాన్నదీ నకళ్ల పనే. బస్సు డ్రైవరు కూతురి నాన్నదీ అదే. ఆ పిల్లలూ షాపాయనలాగే చదవకుండా దించేశారు.

"ఏడుగురి నాన్నలూ జిరాక్స్ షాపులే నడుపుతున్నారన్నమాట!"

"చూశారా టీచర్, నాదే!" అంది కూతురు, ఏడుస్తూనే నవ్వి.

"నీదేలేమ్మా. మరి ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు టీచర్. మా నాన్నకొక్కడికే..."

మెల్లగా తండ్రివైపు తిరిగింది.

"నేనేనమ్మా," అన్నాడాయన. "అందరికీ నేనే ఇచ్చాను."

ఆ పిల్ల తిట్టినా ఆయన ప్రాణానికి బాగుండేది. టీచర్‌ని అడిగి పెన్ను, స్కేలు తీసుకుని, తన వ్యాసంలో చివరి వాక్యాన్ని నిదానంగా కొట్టేసింది.

"ఇదొక్కటీ తప్పు రాశాను టీచర్. మార్కులు తగ్గించండి."