శెట్టిగారి మూడు పేటల ఇంటర్నెట్

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే శెట్టిగారి కొట్టుకు నేనే రెండు ఇంటర్నెట్ లైన్లు వేశాను. ఒకటి తెగితే రౌటర్ దానంతటదే రెండో దారి పట్టాలని, ఒకదాన్ని ముందు వీధిలోంచి, ఇంకోదాన్ని వెనక సందులోంచి లాగాను. ఈ రోజు పత్తిని ఎత్తుగా నింపుకొచ్చిన ట్రాక్టరు రెండింటినీ ఒకేసారి తెంపేసింది! పోయి చూస్తే, సందులోని లైనును కూడా వీధిలోకి తెచ్చి, రెండింటినీ తాడులా పేనేశారు.

"ఎవరు సేసినారు శెట్టన్నా ఈ పని?"

"నేనేప్పా. రెండు పేటలు కలిపితే గట్టిగుంటాది గదా!"

దారులు వేరువేరుగా ఎందుకుండాలో గొంతు పోయేలా చెప్పాను. అంతా విని, "అయితే మూడోది గుడక ఎయ్యప్పా. మూడు పేటలైతే యా బండీ తెంపలేదు" అన్నారు.

రౌటర్‌కైతే దారి మార్చుకోవడం నేర్పాను. శెట్టిగారికి ఎలా నేర్పాలో మీరే చెప్పండి.