ఉతకని నీలికోటు

ఒదిల్ లెకూస్తేకి యాభై ఏడేళ్లు వచ్చేదాకా భయమంటే ఏమిటో తెలియదు. భయపడే తీరిక లేక. పెళ్లినాడు చర్చిలో పాదిరిగారు ప్రసంగం సాగదీస్తుంటే, "ఫాదర్, అవతల పొయ్యిమీద కుందేలు మాడిపోతోంది" అని అందరూ వినేటట్టు అన్న మనిషి. యాభై ఏళ్లకు పైగా గోడకు ఇవతల నేను, అవతల ఆమె. అందుకని ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది. నోరూ ఉంది.

నార్మండీలో మా లోయలో మగవాళ్లందరికీ ఒకటే పని, ఒకటే బట్ట. ఏటి ఒడ్డున రాతినార ఫ్యాక్టరీ ఉండేది. రాతిలోంచి తీసిన నారను అక్కడ దువ్వి దారం వడికేవారు, లారీల బ్రేకులకనీ బాయిలర్లకనీ. ఒంటిమీద ముదురు నీలం రంగు మందపాటి నూలుకోటు, బయట మూడు జేబులు, లోపల ఒకటి. ఆదివారంనాడు మగడు ఆ కోటుతో వీధిలోకి వస్తే పెళ్లాం పరువు పోయినట్టే.

సోమవారం ఉతుకుడు. తడిపేముందు కోటును విదిలించాలి, అది మా ఆడవాళ్ల నియమం. విదిలించకుండా నీళ్లలో వేస్తే ఆ తెల్లదుమ్ము బంకలా పట్టేసేది, ఎంత తోమినా వదలదు. చారలున్న కోటు దండెం మీద కనబడితే ఆ ఇల్లాలు సోమరిపోతని వీధంతా చెప్పుకునేవాళ్లు. అందుకని పెరట్లో నిలబడి, భుజాల దగ్గర గట్టిగా పట్టుకుని, ఫట్, ఫట్, ఫట్. ఒదిల్ విదిలిస్తే నాలుగిళ్లకు వినబడేది. కూతురు సొలాంజ్‌కి ఏడేళ్లు రాగానే ఆ పని దాని చేతికిచ్చింది. ఆ పిల్ల దుమ్ములో గిరగిరా తిరుగుతూ "మంచు పడుతోందమ్మా!" అని గంతులేసేది. మేమిద్దరం గోడమీద మోచేతులానించి నవ్వుకునేవాళ్లం.

ఒదిల్ మగడు ఆర్సెన్ పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో పని దిగిపోయాడు. దిగిపోయే రోజున తోటివాళ్లు మందపాటి నల్లపెన్సిలుతో కోటు వీపుమీద సంతకాలు చేయడం మా ఆనవాయితీ. ఆ కోటును మళ్లీ ఉతకకూడదు, పేర్లు పోతాయి. ఆర్సెన్ కోటు మీద ఇరవై మూడు పేర్లు. నాలుగు జేబుల్లోనూ ఆఖరి రోజు దుమ్ము అలాగే ఉండిపోయింది.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆయనకు మెట్లెక్కితే ఊపిరి అందడం మానేసింది. కాన్ పట్నంలో పెద్దాసుపత్రికి ముగ్గురం వెళ్లాం. డాక్టరు చాలాసేపు చూసి, ఆర్సెన్‌ని బయట కూర్చోబెట్టాడు. ఒదిల్ వంక తిరిగి, "ఆయన పనిబట్టలు ఎవరు ఉతికేవారమ్మా?" అని అడిగాడు.

"ఇంకెవరు? నేనే," అంది ఒదిల్, కాస్త గర్వంగానే.

ఆయన ఏదో రాసుకున్నాడు. రాస్తూ, తలెత్తకుండా అడిగాడు: "ఇంట్లో పిల్లలుండేవారా?"

ఒదిల్ ముఖం సున్నం కొట్టిన గోడైపోయింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కూడా జబ్బై మొలకెత్తవచ్చని ఆయన చెబుతుంటే నేనే విన్నాను. నేనూ విదిలించిన దాన్నే. నాకు పిల్లలు లేకపోవడం అదృష్టమని జీవితంలో మొదటిసారి ఆ గదిలోనే అనుకున్నాను, అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మరుసటి ఏడు ఆర్సెన్ పోయాడు. సిగరెట్ల వల్ల పోయాడని సొలాంజ్‌కి చెప్పింది ఒదిల్.

"నిజం చెప్పవే," అన్నాను.

"చెబితే? అది రోజూ చావు కోసం కాచుకుని బతకాలా? ఆ కాపలా నేను కాస్తున్నాగా, చాలు."

లోయంతా ఎరిగిన సంగతిని ఇంట్లో దాచడమంటే కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి వ్యవహారమే. కానీ సొలాంజ్ కాన్‌లో కాపురం, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, పండక్కోసారి రావడం. వచ్చినప్పుడల్లా ఒదిల్ భోజనాల బల్ల దగ్గర కూతురి దగ్గును వినేది. ఒకసారి దగ్గితే వడ్డించే గరిట ఆగిపోయేది. చీపురు మానేసి ఇల్లంతా తడిగుడ్డతోనే తుడిచేది. ఇక అటకమీద ఆ సంతకాల కోటు. ఉతికితే నీళ్లలోకి, కాలిస్తే గాలిలోకి, పారేస్తే ఎవరి చేతుల్లోకో. ఇరవై మూడు మందిలో పందొమ్మిది మంది అప్పటికే మట్టిలో ఉన్నారు, ఆ పేర్లు పారేయడానికి మనసూ రాలేదు. రెండు సంచుల్లో పెట్టి, తాడుతో బిగించి, పాత పెట్టెలో దాచింది.

రెండువేల పదహారు ఆగస్టులో సొలాంజ్ కూతురు మాయ్లీస్ పారిస్ నుంచి వచ్చింది. అక్కడ పాతబట్టల కొట్లో పనిచేస్తోంది. పాతబట్టలంటే పేదల కోసం కాదండోయ్. మా మగాళ్లు తొడిగి చింపిన నీలికోట్లే ఇప్పుడక్కడ ఫోటోగ్రాఫర్లూ, ఇళ్లకు ప్లాన్లు గీసేవాళ్లూ ఎగబడి కొంటున్నారట. కొత్త కోటును రాళ్లతో కలిపి ఉతికి పాతది చేస్తారట. మేం లేక మాసిక వేసుకున్నాం, వాళ్లు ఉండి మాసిక కొనుక్కుంటున్నారు!

"అమ్మమ్మా, తాతయ్య కోట్లు ఒక్కటైనా లేవా? వెలిసిపోయి, చిరిగిపోయి ఉంటే ఇంకా మంచిది," అంది మాయ్లీస్.

"లేవు. అన్నీ నేల తుడిచి పారేశా," అంది ఒదిల్.

"ఒక్కటీ?"

"చెవుడా నీకు? లేవన్నానా!"

అమ్మమ్మ గసిరిందంటే ఏదో దాస్తోందని ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఆ మధ్యాహ్నం ఒదిల్ మా ఇంటికొచ్చింది, కాఫీలో ఆపిల్ సారా నాలుగు చుక్కలు వేసుకుని తాగడానికి. ఆమె కూతురి సంగతే చెబుతోంది, ఈస్టర్‌కి వచ్చినప్పుడు ఒక్కసారీ దగ్గలేదని. అప్పుడు గోడ అవతల నుంచి వినబడింది.

ఫట్.

ఒదిల్ కప్పు కింద పెట్టేసింది.

ఫట్.

తుంటి ఎముక అరిగిన డెబ్భై ఆరేళ్ల మనిషి, కర్ర వదిలేసి పరిగెత్తింది. వెనకాలే నేను. పెరట్లో మాయ్లీస్, అటకమీంచి దించిన ఆ సంతకాల కోటును భుజాల దగ్గర పట్టుకుని మూడోసారి ఎత్తింది. ఎండలో దాని జుట్టు చుట్టూ సన్నటి తెల్లటి పొగ.

"ఊపిరి బిగబట్టు! వదిలెయ్, కింద పడెయ్!" అని ఒదిల్ కేక పెట్టింది.

"ఏమైంది అమ్మమ్మా? దుమ్మేగా! చూడు, ఎన్ని సంతకాలో, ఇలాంటిది పారిస్‌లో ఎక్కడా..."

"నోరు ముయ్యవే! నోరు మూసుకో!"

తోటకు నీళ్లు పట్టే పైపు లాక్కొచ్చి, ముందు కోటునీ తర్వాత పిల్లనీ తలమీంచి తడిపేసింది. తడుపుతూనే చెప్పింది. ఫ్యాక్టరీ, డాక్టరు, తాతయ్య, అన్నీ, గుక్క తిప్పుకోకుండా. వణుకుతూ వింది మాయ్లీస్. చివరికి అడిగింది: "మరి... ఇంతకుముందు ఇవి ఎవరు దులిపేవాళ్లు?"

"నేను."

"నువ్వొక్కదానివేనా?"

ఒదిల్ నా వైపు చూసింది.

"మీ అమ్మ కూడా," అంది. "ఏడేళ్లప్పట్నుంచి. పెళ్లయ్యేదాకా."

మాయ్లీస్ కిటికీ గట్టుమీదున్న ఫోను తీసింది. వేళ్లు తడి, చెవికి ఆనించుకోలేక స్పీకర్ పెట్టింది. ఏడుస్తూ జరిగింది చెప్పింది. సొలాంజ్ నర్సు గొంతుతోనే మాట్లాడింది.

"ఏడవకు. రెండుసార్లు దులిపితే ఏం కాదులే. జుట్టు బాగా కడుక్కో, ఆ బట్టలు మార్చెయ్. కోటు తడిమీదే సంచిలో పెట్టు, నేనొచ్చి చూసుకుంటా. ఆ సంగతి నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు, మాయ్లీస్. మా ఆసుపత్రికి లోయవాళ్లే వస్తుంటే తెలియదా? అప్పట్నుంచి స్కాన్‌లు తీయించుకుంటున్నా. జూన్‌లో తీసినదాంట్లో కుడి ఊపిరితిత్తి పక్కన ఏదో మందంగా ఉందన్నారు. వచ్చేనెల ముక్క తీసి చూస్తారు. అమ్మమ్మకి మాత్రం చెప్పకు, ఆవిడ తట్టుకోలేదు."

ఒదిల్ పైపు కింద పెట్టి ఫోను దగ్గరకు వంగింది.

"సొలాంజ్," అంది.

"అమ్మా... నువ్వక్కడే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నా."

"నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

ఒదిల్ అబద్ధం ఆడుతుందేమోనని నాకనిపించింది. ఆడాలని కూడా కోరుకున్నాను.

"పందొమ్మిదేళ్లు," అంది.

"పందొమ్మిదేళ్లా," అంది సొలాంజ్.

ఫోను పెట్టేయలేదు. సొలాంజ్ ఊపిరి వింటూ ముగ్గురం అలాగే నిలబడ్డాం.