అడ్డంగా పడిన గ్రౌండు

పోయిన నెల మా చెల్లెలి కొడుకు నన్ను వాళ్ల నగరంలో కొత్తగా కట్టిన స్టేడియం చూడటానికి తీసుకుపోయాడు. ఫుట్‌బాల్ కోసం కట్టిందే గానీ పాటకచేరీలు, సభలు, విందులు అన్నీ అందులోనేనట. కూర్చునేవాళ్ల నెత్తిన కప్పు, నడుమ గడ్డికి మాత్రం ఎండా వానా తగిలేట్టు ఆకాశం. కచేరీ ఉంటే గడ్డి మీద పలకలు పరిచి, అయిపోగానే తీసేస్తారట, లేకుంటే గడ్డి ఉడికిపోతుందని. నోరు తెరుచుకుని విన్నాను. చూపించే అమ్మాయి చివర్లో, "గోల్‌పోస్టులు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పెడతామండీ. సాయంత్రం ఎండ గోల్‌కీపర్ కళ్లలో కొట్టకుండా" అంది. అందరూ తలలూపారు. నేను తల వంచుకుని నా చెప్పుల కేసి చూసుకున్నాను. మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయన ఉదయగిరిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం చర్చిలో పాట పాడేటప్పుడు కూడా ఆయన కాలు కుదురుగా ఉండేది కాదు, బెంచీ కింద కనపడని బంతినేదో తంతూనే ఉండేది. కొండ కింద రాళ్లు ఏరించి, సున్నంతో గీతలు గీయించి, ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించాడు. "ఆడబిడ్డలకు నిక్కర్లేంది మాస్టరూ" అని కస్సుమన్న తల్లుల ఇళ్లకు పోయి, వాళ్లిచ్చిన కాఫీ తాగి, చల్లగా ఒప్పించుకుని వచ్చేవాడు. ఆత్మకూరులో స్టేడియం వస్తుందని తెలిసినప్పుడు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. నేను ఆత్మకూరులోనే టీచరుగా ఉన్నాను గనక, ప్లాను చూపించే మీటింగుకు నన్నూ వెంటబెట్టుకుపోయాడు.

స్థలం రోడ్డు వెంబడి తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంది. గ్యాలరీ కింద అంగళ్లు, వాటి మొహం రోడ్డుకు. సభలకు స్టేజీ, విందులకు వంటశాల. వెనక ఖాళీ నేల కూడా కలుపుకుంటే గ్రౌండును ఉత్తర దక్షిణాలకు తిప్పొచ్చనీ, అప్పుడు అంగళ్లు తగ్గుతాయనీ ఇంజనీరు గొణిగాడు. చిన్నాయన కుర్చీలోంచి సగం లేచాడు. సరిగ్గా అప్పుడే పెద్దమనుషుల్లో ఒకాయన వచ్చి శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టి, "మాస్టరు గారూ, మీరు సరే అంటే సరే. ఎట్టుండాది?" అన్నాడు. చిన్నాయన ప్లాను చూశాడు, భుజాల మీది శాలువా తడుముకున్నాడు. "బ్రహ్మాండంగా ఉండాది" అన్నాడు. బస్టాండుకు నడిచేటప్పుడు మాత్రం నా వైపు చూడకుండా, "తూర్పు గోల్లో నిలబడే పిల్లకు పొద్దు కళ్లల్లోనే కొడతాది. అంతమందిలో నోరు రాలా" అన్నాడు. మళ్లీ తనే, "స్టేడియం అంటూ వస్తే చాల్లే" అని సర్దుకున్నాడు.

వచ్చింది. మీటింగులు జరిగాయి, రిసెప్షన్లు జరిగాయి, జెయింట్ వీల్‌తో ఎగ్జిబిషన్ నడిచింది. పొద్దున్నే షుగరు ఉన్నవాళ్లంతా అందులోనే నడిచారు. అంగళ్లలో చికెన్ పకోడీకి మంచి గిరాకీ. అన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఫుట్‌బాల్‌కు తీరిక దొరికింది. కలిగిరి అమ్మాయిలకూ ఉదయగిరి అమ్మాయిలకూ మొదటి మ్యాచ్. ఉదయగిరి గోల్‌కీపర్ మా చిన్నాయన మనవరాలు. ఆయన స్టేజీ మీద, అదే శాలువాతో.

సగం ఆట అయ్యాక పిల్లలు వైపులు మారారు. తూర్పు గోల్లోకి వచ్చిన మనవరాలికి ఎదురుగా పడమటి పొద్దు. బంతి ఎత్తుగా వచ్చింది. ఆ పిల్ల కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. బంతి పక్కనుంచి పోయింది. కాసేపటికి ఇంకొకటి, అట్లాగే. గ్యాలరీ అంతా నవ్వు. "చేతులకు వెన్న పూసుకొచ్చినాదిరా మాస్టరు మనవరాలు!" అని ఎవరో అరిచారు. ఆ పిల్ల ఆట మధ్యలో స్టేజీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "తాతా, బాలు కనపళ్లా. అంతా తెల్లంగా ఉండాది" అని ఏడ్చింది. చిన్నాయన మొహం చూడలేక, భూమి చీలి నన్ను మింగితే బాగుండుననుకున్నాను.

ఆయన లేచి మైకు అందుకున్నాడు. "ఆ బిడ్డను చూసి నవ్వబాకండి. గ్రౌండు అడ్డంగా పడతా ఉండాదని ప్లాను చూసిన రోజే నాకు తెలుసు. శాలువా కప్పినారని మురిసిపోయి నోరు మూసుకున్నాను. తప్పు నాది" అన్నాడు. స్టేజీ మీది పెద్దమనుషులు దగ్గారు. తర్వాత గ్యాలరీ పైనుంచి ఒకడు, "ఉదయగిరిలో పుట్టినోడివి, పొద్దు ఎటు పొడుస్తాదో ఎటు కుంకుతాదో అప్పుడే చెప్పకూడదా మాస్టరూ?" అన్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దది. చిన్నాయన చేతులు జోడించాడు. "అదే గదా నాయనా నా సిగ్గు."

ఆ మాట టీ అంగళ్ల దగ్గర ఆయన్ని చాన్నాళ్లు వెంటాడింది. మనవరాలైతే వారం పాటు ముఖం చూపలేదు. "నేను గోలు విడిచినదానికన్నా నువ్వు మైకులో చెప్పినదానికే నాకు ఎక్కువ సిగ్గేసింది" అందట. ఆయన మాత్రం మ్యాచ్ ఉందంటే మధ్యాహ్నమే షామియానా అంగడికి పోయేవాడు. "బాలాటకు షామియానా ఏంది మాస్టరూ!" అని విసుక్కుంటూనే ఆ అంగడాయన గుడ్డ ఇచ్చేవాడు. పడమటి గోల్ వెనక పొడవాటి సరుగుడు బొంగులు నాటి, పెళ్లిళ్లకు కట్టే ఎర్రా పచ్చా గుడ్డను పొద్దుకు అడ్డంగా కట్టించేవాడు. మర్రిపాడు నుంచి వచ్చే బస్సులోవాళ్లు ఎవరి పెళ్లి అని అడిగేవాళ్లు. ఆయన తాడు బిగించుకుంటూ ఉండేవాడు.

చిన్నాయన పోయాడు. గుడ్డ ఇప్పటికీ కడుతున్నారు. మొన్న ఒక మ్యాచ్‌లో ఎందుకమ్మా ఇది అని ఒక చిన్నపిల్లను అడిగితే, "ఈడ ఆట ఉంటే కడతారు మేడం, అంతే" అంది. ఒక మనిషి తలెత్తుకోలేక మొదలుపెట్టిన పని, ఏళ్లు గడిచేసరికి ఊరి ఆచారమైపోయింది. కాలం ఆయన సిగ్గును కడిగేసిందో, కనపడకుండా కప్పేసిందో నాకింకా తేలలేదు.