అటుకులు పెట్టి నేర్పిన అరుపు

అరిచే పిల్ల నోట్లో ప్రసాదం పెట్టి ఊకుంచుడు పుణ్యమని మీకెవరు చెప్పిండ్రు? నేనే చెప్పిన. గోదావరిఖనిల మా క్వార్టర్ల ముందర, శనివారం భజనల, చేతిల గ్రంథం పట్టుకొని గట్టిగ చెప్పిన. అది తప్పని నా మొకం మీద చెప్పిన ఒకే ఒక్క మనిషి, మా వదినె, పది రోజుల కింద పోయింది. గుండె ఆగిందన్నరు దవాఖానల. ఆ గుండెను రాయి అన్నోళ్లు ఈ కాలనీల చానమంది ఉన్నరు. వాళ్ల కోసమే ఇది రాస్తున్న.

అన్న బొగ్గుబాయి పని నుంచి రిటైరైనంక వదినె మాటలురాని పిల్లల బడిల ఆయమ్మగ చేరింది. శిక్షణ తీసుకొని టీచరైంది. బడికి పోయే ముందు గాజులు తీసి గూట్ల పెట్టేది. ఆ చప్పుడుకు కొందరు పిల్లలు చెవులు మూసుకుంటరట. పిల్లల ముందర కిందనే కూసునేది, కుర్చీల కూసోంగ నేనెన్నడు చూడలె.

నా మనవరాలికి ఎనిమిదేండ్లు. మాటలు రావు. భజన మొదలైతే కేకలు పెట్టేది. నేను పాట ఆపి బెల్లమటుకులు ఇంత నోట్లో పెడితే గప్పున ఊకునేది. "సామి చేతిల మహిమ ఉన్నది" అన్నరు జనం. నేనూ నమ్మిన. కేకలేమో పెరుగుతనే ఉన్నయి. బస్సుల కేకలు, పెండ్లిల కేకలు. నా కోడలు పిల్లను తీసుకొని గడప దాటుడే బంద్ చేసింది.

వదినె మూడు శనివారాలు వచ్చి మూలకు కూసున్నది. పాట వినలె, పిల్లనే చూసింది. చెవి నొప్పో కడుపు నొప్పో ఉన్నదేమోనని ముందుగాల దవాఖానల చూపిచ్చింది. ఏం లేదన్నంక నా దగ్గరికొచ్చింది.

"మర్ది, నీ చేతిల మహిమ లేదు. అరిస్తే అటుకులొస్తయని పిల్లకు నువ్వే నేర్పినవ్."

"దయ గురించి శాస్త్రం ఏం చెప్పిందో చూపిస్త, ఆగు వదినె" అని గ్రంథం తెరిచిన.

"అది మూసి పిల్లను చూడు" అన్నది.

ఆమె పద్ధతి గింతే. అరుపుకు ఏమీ దొరకొద్దు. అటుకులు వద్దు, బుజ్జగింపు వద్దు, తిట్టు కూడ వద్దు. దానికి దొరికేది ఆగితే అదే ఆగుతది. కానీ పిల్లకు అటుకులు కావాలె గద? అందుకు అరచెయ్యి చాపుడు నేర్పింది. చాపంగనే పెట్టాలె. "అరుపును పట్టించుకోకుమన్న గని, పిల్లను కాదు" అంటుండె.

మొదట్ల ఎక్కువైతదని ముందే చెప్పింది. ఇంత ఎక్కువని నాకెరుక లేకుండె. మొదటి శనివారమే పక్క లైను క్వార్టర్ల ఆడోళ్లంత మా వాకిట్లకొచ్చిండ్రు. పిల్ల భజన తాళాలు విసిరికొట్టింది. తల గోడకు తగలకుండ వదినె బొంత అడ్డం పట్టుకొని, మొకంల ఏ భావం లేకుండ కూసున్నది. "ఈమెది రాతి గుండె" అన్నదొకామె. నాకు సిగ్గైంది. గుప్పెడు అటుకులు తీసి పిల్ల నోట్లో పెట్టిన.

వదినె గొంతు పెంచలె. "ఇప్పుడేం నేర్పినవో ఎరుకేనా? గంతసేపు, గంత గట్టిగ అరిస్తేనే వస్తదని నేర్పినవ్. గంటసేపు ఉపన్యాసం చెప్తవ్ గని మర్ది, పది నిమిషాలు ఊకె కూసునుడు రాదు నీకు."

నేర్చుకున్న. పిల్ల ఎంత అరిచినా పాట ఆపలె. ఎన్ని శనివారాలు పోయినయో, ఒకనాడు కేక సగంల ఆగి చిన్న అరచెయ్యి నా ముందరికొచ్చింది. నేను బిత్తరపోయి చూస్తున్న. "పెట్టు మర్ది, జల్ది" అన్నది వదినె. ఆ ఎండకాలం పిల్ల మందమర్రిల పెండ్లికి పోయి, తల్లి పక్కన భోజనాల బంతిల కూసొని తిన్నది.

రాతి గుండె అన్నోళ్లను అడుగుతున్న. పిల్ల అరుస్తే కష్టం మన చెవులకు. ఆ కష్టం తప్పించుకోను పెట్టే బెల్లం దయ ఎట్లయితది? మన చెవులు కాపాడుకొని పిల్ల బతుకును ఇంట్ల మూసిపెట్టుమని ఏ శాస్త్రం చెప్పింది? నలభై ఏండ్ల సంది గ్రంథం మోస్తున్న, నాకైతే యాడ దొరకలె.

"పోయిన అరుపు ఎన్నడో ఒకసారి మల్లొస్తది, అప్పుడు గూడ గట్లనే ఉండుండ్రి" అని చెప్పింది వదినె. నిన్న వచ్చింది ఆ అరుపు. ఇంటినిండ చుట్టాలు. పిల్ల కేక పెట్టంగనే నలుగురు బిస్కెట్లు పట్టుకొని లేచిండ్రు. నేను అడ్డం నిలబడ్డ. "చావింట్ల గిదేం పంతం" అన్నరు. అవును, పంతమే.

ఇయ్యాల మధ్యాహ్నం వదినె దినాల భోజనం. అందరు వస్తరు. పిల్ల లడ్డు కోసం అరుస్తది. ఎవరూ లడ్డు ముట్టకుండ్రి. చూపు తిప్పుకోండ్రి గని దూరం పోకుండ్రి. పిల్ల చెయ్యి చాపేదాక కూసోండ్రి. విస్తర్లల్ల అన్నం చల్లారితే చల్లారనియ్యుండ్రి, ఈ ఒక్క పూట లేవకుండ్రి.