చిక్కుడుపాదుకు గొడుగు

నా చిన్నప్పుడు చిలకలగూడలో మా ఇల్లు ఎంత ఇరుకంటే, కాళ్లు చాపుకునే చోటు మాకంటే చిక్కుడుపాదుకే ఎక్కువ ఉండేది. గింజ నాటింది నేనే. తాడు కట్టడమే ఆలస్యం, తీగ దాన్ని చుట్టుకుంటూ, మెలికలు తిరుగుతూ మేడెక్కేసింది. తరగతిలో నేనెప్పుడూ అంత పైకి ఎక్కలేదు.

దసరా వెళ్లాక అసలు చిక్కు మొదలైంది. గోడ దాటి పక్కింటివైపు పాకిన కొమ్మలన్నీ ఊదారంగు పూలతో నిండిపోయాయి. మా వైపు ఒట్టి ఆకులే. దిష్టి తగిలిందని మా అమ్మ పాదుకు పాత చెప్పు కట్టింది. చెప్పు నాదే, అప్పటికింకా పాతది కాలేదు. మా నాన్న మాత్రం గడువు పెట్టాడు.

"కార్తీక పున్నమి దాంక చూస్తా. గప్పటికీ పూయకపోతే పీకేసి ఆడ సైకిల్ పెట్టుకుంటా."

నాకు అన్నం సయించలేదు. పక్కింటి అక్క గోడ మీంచి చూసి, "ఏందే, గట్ల మొహం మాడ్చుకున్నవ్?" అంది. చెప్పాను. అక్క పాదును చూసింది, తర్వాత మా గుమ్మం ముందు స్తంభానికి కొత్తగా బిగించిన వీధిలైటును చూసింది.

"మీ దిక్కు దీనికింకా పొద్దు గూకలే. రాత్రి పొడుగైతేనే చిక్కుడు పూతకొస్తది. జెర చీకటియ్యి."

వీధిలైటు ఆర్పడం మన చేతిలో లేదు కదా. అక్క ఇంట్లోకెళ్లి, వాళ్ల నాన్నది పెద్ద నల్లగొడుగు తెచ్చి ఇచ్చింది. కనీసం ఒక్క కొమ్మనైనా లైటు తగలకుండా కాపాడాలని రోజూ సాయంత్రం దాని మీద గొడుగు కట్టేదాన్ని, తెల్లవారగానే విప్పేదాన్ని. గల్లీవాళ్లు ఊరుకుంటారా?

"ఏం బిడ్డా, చిక్కుడుకు సర్ది అయిందా?"

సరిగ్గా పున్నమినాటి పొద్దున్నే గొడుగు తీస్తే, ఆకుల్లోంచి ఒక కంకి నిటారుగా నిలబడి ఉంది. నిండా మొగ్గలు, కిందివరసలో విచ్చిన రెండు పూలు. నేను చూస్తుండగానే నల్లటి తుమ్మెద వచ్చి వాలింది. నా గుండె దానికంటే గట్టిగా రొద పెట్టింది. పరుగెత్తి, పళ్లు తోముకుంటున్న మా నాన్నను లుంగీ పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన పువ్వు చూశాడు, గొడుగు చూశాడు, పైన లైటు చూశాడు.

"ఇంకో గొడుగు ఉందేమో, అక్కను అడుగు."

ఆ చలికాలమంతా మా సైకిల్ గల్లీలోనే నిలబడింది.

ఇప్పుడు మా ఫ్లాటు బాల్కనీలోనూ చిక్కుడే. పొద్దు గూకగానే అక్కడి లైటు ఆర్పేస్తాను, మా కోడలు తడుముకుంటూ బట్టలు తీసుకుంటుంది. ఎవరైనా తమ పిల్ల ఇంకా వికసించలేదని దిగులుపడితే, నేను పిల్ల వైపు చూడను. ఆమె మీద ఎవరెవరు లైటు వేసి నిలబడ్డారో చూస్తాను. వానల్లేని రోజుల్లో కూడా నా దగ్గర ఓ నల్లగొడుగు ఉంటుంది.