లారీ ఆట రెండో భాగం

రోజంతా దారి చెప్పే ఉద్యోగం నాది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్‌లో కూర్చుంటాను. ఫీజెంత, క్లాసు ఏ అంతస్తులో, లిఫ్ట్ ఎటు, హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటుందట నిజమేనా, అన్నిటికీ నవ్వు ముఖంతోనే జవాబు చెప్పాలి. సాయంత్రం మెట్రోలో నిలబడి ఎల్‌బీ నగర్ చేరేసరికి నోరు మెదపబుద్ధి కాదు. మెదపాల్సిన అవసరమూ ఉండేది కాదు. మా అమ్మాయి ఇంటర్ హాస్టల్లో చేరినప్పటి నుంచి నాకూ మా ఆయనకూ మధ్య మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టనా, గ్యాస్ కట్టేశావా, అంతే. కొట్లాడుకోవడం కూడా మానేశాం. నన్నడిగితే అదే అన్నిటికంటే భయం.

అమ్మాయి వదిలేసి వెళ్ళిన సామాన్లలో గేమ్ బాక్సు ఒకటి. ఒకరోజు మా ఆయన దాని దుమ్ము దులిపి టీవీకి తగిలించాడు. అందులో ఒక లారీ ఆట ఉంది. మార్కెట్లో పండ్ల పెట్టెలు ఎక్కించుకుని, కొండలూ వానలూ దాటి, ఊరూరా దింపి రావాలి. కాల్చుకోవడాల్లేవు, తరుముకోవడాల్లేవు. దారి మాత్రం ఎవరూ చెప్పరు. టీవీ మూలన అగ్గిపెట్టంత మ్యాపు, అందులో చీమ తలకాయంత అక్షరాలు. ఈయనగారి కళ్ళజోడు నంబరు పెరిగి అవి కనిపించేవి కావు. డాక్టరు దగ్గరికి నడవమంటే "చూద్దాంలే" అనేవాడు. అందుకని తోలడం ఆయన వంతు, దారి చెప్పడం నా వంతు అయింది.

"ఎటు తిప్పమంటావ్?"

"కుడికి. జర మెల్లగ పో, ముందట గుంత ఉన్నది."

బయట ఈ మనిషి చచ్చినా దారి అడగడు. ఆయనది కోస్తా, మాది పోచంపల్లి వైపు. ఇటువైపు రోడ్లన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా ఒకసారి బాటసింగారం పండ్ల మార్కెట్లో మామిడిపళ్ళ పెట్టె కొందామని స్కూటర్ మీద బయలుదేరితే, "నాకు తెలుసు, నువ్వు కూర్చో" అని, మార్కెట్ దాటించేసి, ఎక్కడో పొలాల్లో ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య ఆపాడు. అప్పుడు కూడా ఎవర్నీ అడగలేదు. అలాంటివాడు ఆటలో మలుపు మలుపుకీ లారీ ఆపి నా వైపు చూసేవాడు. రోజుకు ఒక గంట. ఆ గంట కోసం మెట్రో దిగి గబగబా నడిచేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, మా కాపురం ఆ గంట మీదే నడిచింది.

ఆ ఆటకు రెండో భాగం వస్తోందనీ, డెమో ఊరికే ఆడి చూడొచ్చనీ అమ్మాయి ఫోన్లో చెప్పింది. శనివారమంతా అది డౌన్‌లోడ్ అవుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే టీవీ ముందు కూర్చున్నాం. మ్యాపు చదవాలి కదా అని నేను కొంచెం ముందుకు జరిగాను.

మ్యాపు లేదు. రోడ్డు మీదే పచ్చటి బాణం పరిచేశారు. పైగా ఒక ఆడగొంతు, మహా తీయగా, ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని ఇంగ్లీషులో చెబుతోంది. పండ్ల పెట్టెలూ లేవు. లారీకి తుపాకులు బిగించారు. వెనక జీపుల్లో ఎవరో తరుముతున్నారు.

"ఏందిది, నాకు సవతిని తెచ్చిన్రు," అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వి ఆడుతూనే ఉన్నాడు. లారీ పేలిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. "వాన చూశావా, నిజంగా పడుతున్నట్టే ఉంది," అన్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా. మలుపు వచ్చినప్పుడల్లా నేను నోరు తెరుస్తాను, ఆమె ముందే చెప్పేస్తుంది. కాసేపటికి తెరవడం మానేశాను. ఇక ఈ గంట కూడా పోయినట్టే. ఈయన తుపాకులతో ఇక్కడ, నేను వంటింట్లో. ఏడుపేమీ రాలేదు, ఒళ్ళంతా నీరసం వచ్చింది. గిన్నెలైనా కడుక్కుందామని లేవబోయాను.

అంతలో డెమో అయిపోయి, టీవీ అడుగున ఏవో సన్నటి అక్షరాలు వచ్చాయి. ఆయన సోఫాలో వెనక్కి ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే గడగడా చదివేశాడు. "ముందే కొన్నవాళ్ళకు ఇంకో రెండు తుపాకులు ఇస్తారంట."

నేను కళ్ళు చికిలించి చూశాను. పాత మ్యాపులో అక్షరాల కంటే చిన్నవి.

"గా అక్షరాలు నీకెట్ల కనవడ్డయ్?"

ఆయన చేతిలోని ఆట కంట్రోలర్‌ను అటూ ఇటూ తిప్పాడు. "అద్దాలు మార్పించాగా. ఫ్రేము బానే ఉందని అదే ఉంచేశా."

"ఎప్పుడు?"

"వానలకు ముందు."

ఇప్పుడు చలి మొదలైంది. వానాకాలమంతా ఆ కొండ రోడ్ల మీద ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదివి చెప్పాను.

"మరిన్ని దినాలు దారి నన్నెందుకు అడిగినవ్? మ్యాపు కనవడ్తనే ఉన్నది గద."

టీవీ వైపే చూస్తూ, "అడక్కపోతే నువ్వు లేచి లోపలికెళ్ళిపోతావు," అన్నాడు.

నాకు కోపం రావాలి. మామూలుగా అయితే పిలవకముందే వస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు. లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

"కొంటవా మరి దీన్ని?" అన్నాను.

"ఎందుకు, ఆవిడ బుర్ర తినేస్తోంది," అని డెమో తీసేసి పాత ఆట పెట్టాడు.

అదే మార్కెట్, అవే పండ్ల పెట్టెలు. గేటు బయట మొదటి కూడలి. మేమిద్దరం కళ్ళు మూసుకుని దాటగలిగిన కూడలి అది. అక్కడ లారీ ఆపి నా వైపు తిరిగాడు.

"ఎటు తిప్పమంటావ్?"

"నీకు తెల్సు గద."

"తెలుసు," అన్నాడు. "చెప్పు."