బడి మానని ఎస్తేరక్క

గులాబీ పువ్వుల అచ్చును కాగిన నూనెలో ముంచగానే లేచే తియ్యటి కొబ్బరిపాల వాసన ఇప్పటికీ నన్ను ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టరుకు లాక్కుపోతుంది. ఎనభైల నాటి డిసెంబరు చలి, వర్క్‌షాపు సైరను, నాన్న వెదురుబద్దలకు రంగు కాగితాలంటించి కట్టిన నక్షత్రం, దాని వెనక క్రిస్మస్ క్యారల్స్ పాడుతూ వీధివీధీ తిరిగే పిల్లలం. అందరికంటే ముందు, అందరికంటే పెద్ద గొంతుతో, పదకొండేళ్ల మా ఎస్తేరక్క.

ఆ ఏడు పాట మధ్యలో అక్క ఆయాసంతో ఎవరి అరుగుమీదో కూలబడింది. పాదాలు పొంగాయి. కలకత్తా తీసుకెళితే, గుండె కండరం సాగి పలచబడిందని, రక్తం తోసే బలం తగ్గిందని, పరుగులు, మెట్లు, ఉప్పు కూడదని డాక్టరు చెప్పాడు. పిల్ల ఎన్నాళ్లుంటుందని అమ్మ అడిగితే, మందులు మానకండి అన్నాడు.

అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పులేని కూరలు వండబోతే అక్క ఒప్పుకోలేదు.

"మీకేటయినాదని సప్పిడి తిండి? సేపల పులుసు నా ముందరే తినండి. నాను సూస్తాను."

బడివాళ్లు టీసీ తీసుకెళ్లమన్నారు. మేడ మీది తరగతి, ఏదైనా జరిగితే పూచీ ఎవరిదన్నారు. నాన్న తలవంచుకుని నిలబడ్డాడు. అక్క మాత్రం హెడ్మిస్ట్రెస్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంటికాడున్నా కొట్టుకునే గుండే కదా టీచరుగారూ. ఇక్కడే కొట్టుకోనీండి."

సోమవారానికి తరగతే కిందికి దిగింది. నాన్న సైకిలు వెనక కూర్చుని, వానలోనూ, రొప్పుతూనూ, పెదవులు నీలమెక్కిన రోజుల్లోనూ అక్క బడికి వెళ్లింది. ఖో-ఖో ఆడలేక గీత పక్కన నిలబడి ఎవరు అవుటో తేల్చేది. ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

పదో తరగతి పాసయింది. ఆ శరత్కాలంలో, దుర్గాపూజ పందిళ్లలో ఢాకు డోళ్లు మోగుతున్న మధ్యాహ్నం, దిండ్లకు ఆనుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని కన్నుమూసింది.

పోయినేడు వెళ్లి చూస్తే మా క్వార్టర్ల వరస లేదు, తుప్పలు మొలిచాయి. బజారులో పాత పొరుగింటి పెద్దమ్మ గుర్తుపట్టింది.

"పాపం, మీ యక్క, ఏటీ సూడకుండానే ఎల్లిపోనాది."

ఎన్నో ఏళ్లుగా పలకని ఆ యాస నా నోటికి దానంతటదే వచ్చింది.

"పాపం అనకు పెద్దమ్మా. మా యక్క ఒక్క పూట కూడా సావు కోసం ఎదురు సూస్తా కూకోలేదు."